చలిజ్వరానికి నేను పరాయివాణ్ణైన ఏడాది

నిన్న పొద్దున మా లింబాయత్ గల్లీలోకి దోమపిల్లలున్నాయేమోనని నీళ్ళ డ్రమ్ముల మూతలెత్తి చూసే మున్సిపాలిటీ అమ్మాయి వచ్చి, ఇంట్లో ఎవరికైనా జ్వరముందా అని అడిగితే, మా ఇంటామె నావైపు తిరిగి, ఉంటే మాత్రం ఈయన చెప్తాడా అని ఒక్క నవ్వు నవ్వింది. ఆ నవ్వు వెనక కరోనా నాటి ముచ్చట ఒకటుంది. నాలాగే సూరత్‌కొచ్చి మరమగ్గం సాంచాల మీద బట్ట నేసి ముసలివాళ్ళయినవాళ్ళు అది వింటే నవ్వుకుంటారో, నన్ను తిట్టుకుంటారో మరి.

మాది అడవి అంచు ఊరు. వానలు పడితే ఇంటింటా చలిజ్వరమే. చిన్నప్పుడు రెండు బొంతలు కప్పినా మంచం గడగడలాడేది. పెరిగేకొద్దీ అదే జ్వరం పూటకొచ్చి పూటకు పోయేది, మీసాలొచ్చే నాటికి ఒళ్ళు కాస్త వెచ్చబడితే తలకు రుమాలు చుట్టుకుని పొలానికి పోవడమే తప్ప పడుకున్నది లేదు. బదిలీ మీద వచ్చిన పంతుళ్ళు మాత్రం మొదటి వానలకే మంచం పట్టేవారు, మేం చాటుకు పోయి నవ్వుకునేవాళ్ళం. నన్ను కుడితే దోమే చస్తుందని, సూరత్ వచ్చి ముప్ఫయ్యేళ్ళు దాటినా కార్ఖానాలో గొప్పలు కొట్టుకునేవాణ్ణి.

కరోనా వచ్చిన మొదటి ఏడాది సాంచాలు ఆగిపోతే, రైళ్ళు నడవగానే మొగుడూ పెళ్ళాం మేమిద్దరం ఊరికి పోయి వానాకాలమంతా తమ్ముడింట్లో ఉన్నాం. లోకమంతా బాధపడుతున్న రోజుల్లో ఈ మాట అనకూడదు గానీ, అంత సుఖంగా నేనెన్నడూ లేను. మక్కకంకులు కాల్చుకు తినడం, దోమతెర లేకుండా అరుగు మీద ఒళ్ళెరగక నిద్రపోవడం. సాంచాలు మళ్ళీ మొదలయ్యాక, పని లేక ఉన్న తమ్ముణ్ణి కూడా వెంటబెట్టుకుని తిరిగొచ్చాం. వాడు నాకంటే పన్నెండేళ్ళు చిన్న, అప్పటిదాకా ఒక్క వానాకాలం కూడా ఊరు దాటి ఉన్నవాడు కాడు.

వచ్చిన పది పన్నెండు రోజులకు నాకు జ్వరం తగిలింది. నా తెలివి చూడండి: మలేరియా నన్నేమీ చెయ్యలేదు, కాబట్టి ఇది కరోనాయే, కరోనా అని తెలిస్తే దవాఖానాకు తీసుకుపోతారు, అట్లా పోయినవాళ్ళ మొహం ఇంటివాళ్ళు మళ్ళీ చూస్తారో లేదో తెలియని రోజులవి, కాబట్టి బయటికి పొక్కకూడదు. గదిలో చీర అడ్డం కట్టించుకుని మూలన పడుకుని, నడుం నొప్పని గల్లీకంతా చెప్పించాను. కరోనాకు వాసన పోతుందంటారని పొద్దున్నే వెల్లుల్లి నలిపి వాసన చూసుకునేవాణ్ణి; ఘాటుకు కళ్ళల్లో నీళ్ళు తిరిగేవి, అయినా నా మొండితనం కదల్లేదు. వణుకు రోజు విడిచి రోజు వస్తోందని కనిపెట్టింది ఇంటామే. "గిది మనూరి జరమే, జర రక్తం సూపిచ్చుకోరాదా" అని బతిమాలితే, నా రక్తం సంగతి నాకు తెల్వదా అని కసిరాను. మూడోసారి వణుకొచ్చినప్పుడు ఆమెను గుర్తుపట్టక, మమ్మల్ని కని ఎప్పుడో పోయిన మా అవ్వ అనుకుని మాట్లాడానట. ఆమె ఇక ఆగలేదు. అడ్డం కట్టిన చీర లాగిపారేసి, గల్లీలో జ్వరాలు రాసుకునే మున్సిపాలిటీ మనిషిని రెక్క పట్టుకుని తీసుకొచ్చింది. అతను నా వేలితోపాటు ఆమె వేలూ తమ్ముడి వేలూ పొడిచి నెత్తురు చుక్కలు పట్టుకుపోయాడు.

కరోనా కాదు, మలేరియాయే. ఇంకో రోజు ఆలస్యమైతే దక్కేవాణ్ణి కాదన్నారు దవాఖానాలో. అంతకన్నా విడ్డూరం, ఇంటామెకు ఏమీ లేదు గానీ తమ్ముడి నెత్తురులోనూ ఆ పురుగే ఉంది; వాడికేమో ఒళ్ళు వెచ్చబడింది లేదు, పన్నెండు గంటలు సాంచా నడిపి వచ్చి నా వంతు రొట్టెలు కూడా లాగించేస్తున్నాడు! గోలీలు నాకెందుకని వాడు మొరాయిస్తే డాక్టరమ్మ ఓపికగా చెప్పింది. ఏటేటా దోమలతో కుట్టించుకుంటూ ఉంటేనే జ్వరాన్ని తట్టుకునే ఓర్పు ఒంట్లో నిలుస్తుందట, ఏళ్ళ తరబడి ఊరికి దూరమైతే తరిగిపోతుందట; వాణ్ణేమీ చెయ్యని పురుగే దోమతో పోయి పక్కింటి పసివాణ్ణి చంపగలదట. వాడు గుటుక్కున మింగాడు. నాకు మాత్రం ఊరివాణ్ణన్న గర్వం పోయినందుకు, సిగ్గు విడిచి చెప్తున్నాను, ఏడుపొచ్చింది.

ఇంటికొచ్చాక ఒకనాడు గడప మీద కూచుని, నీ నెత్తురు గట్టిదిరా, నాదే పాడైపోయిందని తమ్ముడితో అన్నాను. ఎన్నడూ నాకు ఎదురు చెప్పనివాడు, "గట్టిదేందన్నా, అవ్వకు ఆరుగురం పుడితే ఇద్దరం మిగిలినం" అన్నాడు. నాకూ వాడికీ నడుమ పుట్టిన నలుగురినీ వానాకాలాలే తీసుకుపోయాయి. వాళ్ళలో ఒక చెల్లెలిని చివరిదాకా చంకనెత్తుకున్నది నేనే. అంత గొప్పలు చెప్పుకున్న ఏళ్ళల్లో ఆ పిల్ల ఒక్కసారి కూడా నాకు గుర్తు రాలేదు.

ఇప్పుడు తమ్ముడు పెళ్ళాం పిల్లలను తెచ్చుకుని పక్క గదిలోనే ఉంటున్నాడు. వాడి ఒళ్ళు కూడా ఈపాటికి ఊరి ఓర్పు పోగొట్టుకునే ఉంటుంది. మా మనవళ్ళకూ వాడి పిల్లలకూ చలిజ్వరమంటే ఏమిటో తెలియదు, సగం హిందీలో సగం గుజరాతీలో కొట్లాడుకుంటూ పెరుగుతున్నారు. అడవిని తట్టుకునే బలం వాళ్ళకు రాలేదు. రాకపోతే పోయె. అవ్వ ఉండి చూస్తే బాగుండేది, అన్నానికి పిలిస్తే ఒక్కరూ తగ్గకుండా అందరూ వస్తున్నారు.