డాక్ పెటిగ్రూ చెప్పిన బ్యాండు పుట్టుక

టాలివర్ యూనివర్సిటీ బ్యాండును మొదట పెట్టింది ఎవరని అడిగితే డాక్ పెటిగ్రూ తెలియదని ఏనాడూ అనలేదు. చిక్కంతా అక్కడే. అడిగిన ప్రతివాళ్లకూ ఒక జవాబు చెప్పేవాడు, ఏ ఇద్దరికీ ఒకే జవాబు చెప్పేవాడు కాదు. టోపీ తీసి గుండెకు ఆనించుకుని, "మా అమ్మ మీద ఒట్టు" అని మొదలుపెట్టేవాడు. ఆవిడ తొంభై దాటి బతికిందంటే అది ఆవిడ గట్టిదనమే గాని కొడుకు ఒట్ల పుణ్యం కాదు.

అసలు పేరు ఓజియస్ పెటిగ్రూ. డాక్టరు కాడు, డాక్టరేటూ లేదు. మిసిసిపీ రాష్ట్రంలోని ఆ యూనివర్సిటీ ఊళ్లో కాస్త తల నెరిసి, కాస్త గొంతున్న మగవాడు ఎప్పటికో అప్పటికి డాక్ అయిపోతాడు. ఈయన తల నెరవకముందే అయ్యాడు. బ్యాండుకు సహాయ డైరెక్టరు. పైన డైరెక్టర్లు వచ్చారు, పోయారు. డాక్ మాత్రం మైదానం గట్టున మడత కుర్చీ వేసుకుని, ఉడికించిన పల్లీలు ఒలుచుకుంటూ, కళ్లు మూసుకునే తప్పులు పట్టేవాడు.

"వెనక వరసలో ఎవడో మోకాలు ఎత్తట్లేదు!"

"కళ్లు మూసుకుంటే నీకెట్లా తెలిసింది డాక్?"

"ఎప్పుడూ ఎవడో ఒకడు ఎత్తడు కదరా!"

వెర్లీన్ హాస్కిన్స్‌కు తెలిసింది ఒకటే కథ, అదే చరిత్ర అనుకుంది. బ్యాండును పెట్టింది పాస్టరుగారి కూతురు ఆర్డీలియా. నలుగురిలో నోరు తెరిస్తే ఆ పిల్లకు మాట పెగిలేది కాదట. ఒకనాడు నదికి వరద వచ్చింది. అరిచి చెప్పే గొంతు లేక ఆర్డీలియా చర్చి మెట్లెక్కి క్లారినెట్ ఊదింది. ఊరంతా లేచి గట్టెక్కింది. నీళ్లు తీశాక, ఆ పిల్ల వెనకాలే ఒక్కొక్కరుగా చేరి బ్యాండు అయ్యారు. వెర్లీన్ ఈ కథ విన్నది కాలేజీలో చేరిన కొత్తలో, ఆగస్టు ఎండలో. విన్నాక నాలుగేళ్లు క్లారినెట్ వాయించింది. ఇప్పుడు సాహిత్యంలో ఎం.ఏ. చదువుతూ పుస్తకాల మధ్య హాయిగానూ, మనుషుల మధ్య ఇబ్బందిగానూ కాలక్షేపం చేస్తోంది.

ఆ ఏడాది బ్యాండుకు నూరేళ్లు. డైరెక్టరు బ్రాడ్నాక్స్ ఆమెను పిలిపించాడు. ఆయన గుమ్మంలో నిలబడితే గదిలో చీకటి పడుతుంది.

"వెర్లీన్, నీకు రాయడం వచ్చు. పాత విద్యార్థులంతా వచ్చే హోమ్‌కమింగ్ ఆట విరామంలో మైకులో చదవడానికి నాలుగు ముక్కలు రాసిపెట్టు. బ్యాండు పెట్టింది ఎవరో చెప్పాలి. ఆ మనిషి వాయించిన వాద్యం వాళ్లు మాత్రం ఒక అడుగు ముందుకేసి మన పాట తొలి స్వరం ఊదుతారు. మిగతావాళ్లు రాళ్లలా నిలబడతారు. ఒక్కడు కదిలాడా, ఎదుటి గట్టున ఉండేది కాల్డర్ స్టేట్ బ్యాండు. వచ్చే ఏడాది దాకా మనల్ని చూసి నవ్వుతూనే ఉంటారు."

టాలివర్‌లో ఫుట్‌బాల్ అంటే బ్యాండు వాయించే విరామానికి ముందూ వెనకా జరిగే కాలక్షేపం. ఆట ఓడితే సోమవారానికి మరిచిపోతారు. బ్యాండు తప్పితే మనవలకు చెబుతారు. అది వెర్లీన్‌కూ తెలుసు. అయినా జవాబు దగ్గరే ఉందిగా అని ధైర్యం తెచ్చుకుంది.

"క్లారినెట్లు సార్."

"ఏమిటి క్లారినెట్లు?"

"బ్యాండు పెట్టింది క్లారినెట్ సార్. ఆర్డీలియా."

బ్రాడ్నాక్స్ ఆమెను వింతగా చూశాడు. ఏదో అనబోయి దగ్గాడు. "బాగా కనుక్కుని రాయి," అన్నాడు. "బాగా కనుక్కో."

కనుక్కోవడానికి మైదానానికి వెళ్లడమే ఆమె చేసిన పొరపాటు. మనిషంత ఇత్తడి బూరలు ఊదే ట్యూబాల జట్టు నాయకుడు రోస్కో ఆ మాట విని నేల మీద కూర్చుని నవ్వాడు.

"క్లారినెట్టా? మిస్ వెర్లీన్, నీకు పుణ్యముంటుంది, ఎక్కడా అనకు. పెట్టింది ట్యూబా. యాజూ సిటీలో పడవ నడిపేవాడు, ఎడమచేతి వాటం. వరదలో ట్యూబాను తల మీద పెట్టుకుని నది దాటాడు. డాక్ స్వయంగా చెప్పాడు."

"ట్యూబా తల మీద పెట్టుకుంటే మనిషి మునుగుతాడురా, బ్యాండెట్లా పెడతాడు?" అన్నాడు ట్రాంబోన్ల నాయకుడు లెమ్యూల్. అతనికి మాట కొంచెం తడబడుతుంది గాని వెటకారం తడబడదు. "పె-పెట్టింది మంగలి. నత్తివాడు. మాట్లాడితే గడ్డం గీయించుకునేవాళ్లు వెళ్లిపోతున్నారని ట్రాంబోన్ పట్టాడు. వరదొచ్చినప్పుడు..."

"వరద నాది!" అన్నాడు రోస్కో.

"వరద నీ ఒక్కడిదా? మీ తాత తవ్వించాడా?"

తాళాలు కొట్టే అమ్మాయి దూరం నుంచే అరిచింది, వంటమనిషి రెండు మూతలతో బ్యాండు మొదలుపెట్టిందని, ఆవిడకు ఒక చెవి వినబడదని. ఆ అమ్మాయికీ ఒక చెవి వినబడదు గనక అవసరానికి మించే అరిచింది. డ్రమ్ముల వాళ్ల కథలో బట్టల తొట్టి ఉంది. అన్ని కథల్లోనూ వరద ఉంది. అన్నిటి కిందా డాక్ తల్లిగారి ఒట్టు ఉంది. సాయంత్రానికి వెర్లీన్‌కు బ్యాండు చరిత్ర సంగతి దేవుడెరుగు, తాను ఏ కాలేజీలో చదువుతోందో కూడా అనుమానం వచ్చింది.

తిన్నగా మడత కుర్చీ దగ్గరకు వెళ్లింది. డాక్ టోపీ మీద చెయ్యి వేశాడు.

"ఒట్టు వద్దు డాక్."

"ఒట్టు లేకుండా కథ ఎట్లా మొదలవుతుంది తల్లీ?"

"కథ వద్దు. నిజం కావాలి."

"అట్లా పొడిగా తింటే గొంతు పట్టుకుంటుంది. పల్లీలు తీసుకో."

అంతలో బ్యాండును ఊళ్లు తిప్పే బస్సు డ్రైవరు మొహం వేలాడేసుకుని వచ్చాడు. ఈ కుర్రకారు తనను మనిషిలా చూడటం లేదనీ, ఉద్యోగం మానేసి గ్రీన్‌వుడ్ వెళ్లిపోతాననీ అన్నాడు. డాక్ లేచి టోపీ తీశాడు.

"ఎల్వుడ్, నీకో సంగతి తెలుసా? ఈ బ్యాండును పెట్టిందే ఒక డ్రైవరు. మా అమ్మ మీద ఒట్టు."

"నూరేళ్ల కింద ఇక్కడ బస్సెక్కడిది డాక్?" అంది వెర్లీన్, ఉండబట్టలేక.

"బస్సు లేదు గనకే కంచరగాడిద బండి తోలాడు. నడుమ మాట్లాడకు తల్లీ, వరద రాబోతోంది."

డ్రైవరు కథంతా విని బస్సు అద్దాలు తుడుచుకోవడానికి వెళ్లాడు. వెర్లీన్ తల పట్టుకుంది.

"క్లారినెట్ అని రాస్తే ట్యూబాలు నన్ను నమిలేస్తారు. ట్యూబా అని రాస్తే నా మనసు ఒప్పుకోదు. అసలు ఏదని రాయాలి?"

"ఏదీ రాయకు. 'ఈ బ్యాండును పెట్టిన వాద్యం ఒక అడుగు ముందుకు రావాలి' అని రాయి. అంతే. ఎవరు రావాలో వాళ్లకు తెలుసు."

"అందరికీ తెలుసు డాక్, నా ఏడుపే అది!"

"నేను మాట్లాడతాగా."

ఆయన నిజంగానే మాట్లాడాడు. ఒక్కొక్క గుంపు దగ్గర ఆగి, నాయకుడి చెవిలో ఏదో చెప్పి, వీపు తట్టి వచ్చాడు. అందరూ బుద్ధిగా తలలూపారు. హమ్మయ్య, ఎవరు ముందుకు రావాలో, ఎవరు ఆగాలో తేల్చేశాడు అనుకుని వెర్లీన్ ఆ వాక్యమే రాసి ఇచ్చింది.

హోమ్‌కమింగ్ నాడు ఊరంతా మాంసం కాలే పొగలో మునిగిపోయింది. పాత విద్యార్థులు బిగుతైపోయిన పాత కోట్లలోకి ఎలాగో దూరి, తమ తమ వాద్యాలు చంకన పెట్టుకుని వచ్చారు. విరామం రాగానే బ్యాండు మైదానంలోకి దిగింది. మోకాళ్లు ఛాతీ దాకా లేస్తున్నాయి. ముందు నడిచే డ్రమ్ మేజరు వెనక్కి విల్లులా వంగి టోపీ కుచ్చుతో గడ్డిని తాకాడు. జనం ఊగిపోయారు. అందరూ నిలబడ్డారు. బ్రాడ్నాక్స్ ఎత్తుబల్ల ఎక్కాడు. మైదానం నిశ్శబ్దమైంది. వెర్లీన్ ప్రేక్షకుల మెట్ల మీద తన చోట నిలబడి, వేలిగోళ్లన్నీ కొరికి ఎవరి గోళ్లయినా దొరుకుతాయా అని చూస్తోంది.

మైకులో గొంతు మోగింది: "ఈ బ్యాండును పెట్టిన వాద్యం ఒక అడుగు ముందుకు రావాలి."

ట్యూబాలు ఒక అడుగు ముందుకు వేశారు.

ట్రాంబోన్లు వేశారు. ట్రంపెట్లు వేశారు. తాళాలు, డ్రమ్ములు, క్లారినెట్లు, అందరూ ఒకే అడుగు, ఒకే చప్పుడు. కదలకుండా నిలబడాల్సినవాడు ఒక్కడూ మిగల్లేదు. మెట్ల మీద పాత విద్యార్థులు చటుక్కున లేచారు. బస్సు పక్కన ఎల్వుడ్ కూడా ఒక అడుగు వేసి, చేతిలో వాద్యం లేదని గుర్తొచ్చి హారను మీద చెయ్యి పెట్టాడు. తనకు తెలియకుండానే వెర్లీన్ కూడా అడుగేసింది. ముందు కూర్చున్న ఆవిడ టోపీ ఆమె మోకాలు తగిలి రెండు వరసల కింద పడింది.

"ఏమ్మా, నువ్వేనా బ్యాండు పెట్టింది?" అందావిడ.

"క్షమించండి, నేనే అనుకున్నాను," అంది వెర్లీన్.

అన్నిటికంటే వింత ఎత్తుబల్ల మీద జరిగింది. అంత బ్రాడ్నాక్సూ ఠీవిగా ఒక అడుగు ముందుకేశాడు. ముందు బల్ల లేదు. రెండు చేతులూ గాలిలో చక్రాల్లా తిప్పి ఎలాగో నిలదొక్కుకున్నాడు. ఆ తిప్పడాన్నే సైగ అనుకుని బ్యాండంతా తొలి స్వరం ఊదింది. అందరికీ తెలిసిన ఒకే స్వరం. మైదానం మీదా, మెట్ల మీదా, బస్సు హారన్లోనూ. ఆ అదురుకు పార్కింగులో కార్ల అలారాలన్నీ కీచుమన్నాయి. కాల్డర్ స్టేట్ వాళ్లు అది నెలల తరబడి నేర్చుకున్న ఎత్తు అనుకుని నోళ్లు తెరిచారు. వాళ్ల డ్రమ్ మేజరు టోపీ తీసి తల వంచాడు.

ఆట ముగిసి, రెండు బ్యాండులూ ఎదురెదురుగా నిలబడి మార్చి మార్చి వాయించుకునే వేళ వెర్లీన్ మడత కుర్చీ దగ్గరకు వెళ్లింది.

"ఏం చెప్పావు వాళ్ల చెవుల్లో?"

"నువ్వే, మరిచిపోకు అన్నాను."

"ఒక్కొక్కరికీ?"

"ఒక్కరికి చెప్పి ఒక్కరికి చెప్పకపోతే బాగుంటుందా?"

వెర్లీన్ కింద గడ్డి మీద కూలబడింది. "రోస్కోది ఎడమచెయ్యి. నీ పడవవాడిదీ ఎడమచెయ్యే. లెమ్యూల్‌కు నత్తి, మంగలికీ నత్తి. నా కథలో పిల్లకు నోట మాట రాదు." ఆగి అంది, "నువ్వు ఆ కథ చెప్పిన రోజు నా పెట్టె సర్ది ఉంది డాక్. మర్నాడు ఇంటికి వెళ్లిపోదామనుకున్నాను. నీకెట్లా తెలుసు?"

"ఆగస్టులో ఎప్పుడూ ఎవరో ఒకరు వెళ్లిపోదామనుకుంటారు."

"మరి నిజంగా పెట్టింది ఎవరు?"

డాక్ అటూ ఇటూ చూసి, టోపీ తియ్యకుండా చెప్పాడు. "మెంఫిస్ నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి. పెట్టెడు వాద్యాలు తెచ్చాడు, పిల్లల్ని వరసలో నిలబెట్టాడు. ఎండ తట్టుకోలేక వారం తిరక్కుండానే వాద్యాలు వదిలి రైలెక్కాడు. పిల్లలకు ఆ సంగతి తెలియదు. మాస్టారు వస్తాడని చూస్తూ చూస్తూ ఊదారు. ఊదగా ఊదగా వచ్చేసింది. మా పెద్దమ్మ ఆ వరసలోనే ఉంది." పల్లీ ఒకటి నోట్లో వేసుకున్నాడు. "పెట్టినవాడే పారిపోయాడని, పెట్టె సర్దుకున్న పిల్లకు ఏ నోటితో చెప్పను?"

వెర్లీన్ ఒక పల్లీ తీసుకుంది. ఒలిచేలోపే బ్రాడ్నాక్స్ నేల అదిరేలా వచ్చాడు.

"వెర్లీన్! ఈయనను అడగను, ఈయన ఒట్లతో నాకు విసుగెత్తింది. నువ్వు కనుక్కున్నావుగా. ఇక్కడ చదువుకునేటప్పుడు నేను వాయించింది పికొలో. ఇంత మనిషిని, వేలెడంత పిల్లనగ్రోవి. వెనక వరసంతా నవ్వేది. బ్యాండు పెట్టింది పికొలో వాయించే బండమనిషే అని ఈయన చెప్పాడు. నిజం చెప్పు. అవునా, కాదా?"

వెర్లీన్ జన్మలో అబద్ధమాడలేదు. ఆడటానికి గొంతు కూడా లేదనుకునేది. లేచి నిలబడింది.

"పికొలోనే సార్. ఒట్టు," అంది, మైదానం అవతలికి వినబడేంత గట్టిగా.

బ్రాడ్నాక్స్ మొహం విచ్చుకుంది. గిర్రున తిరిగి, వరసలో ఉన్న అమ్మాయి చేతిలోంచి పికొలో అడిగి పుచ్చుకుని, కాల్డర్ స్టేట్ ట్యూబాల ఎదుట ఏనుగు అగ్గిపుల్ల పట్టుకున్నట్టు నిలబడి ఊదడం మొదలుపెట్టాడు.

డాక్ కళ్లు మూసుకున్నాడు. "శ్రుతి తప్పుతోంది," అన్నాడు.

"తప్పనీ డాక్," అంది వెర్లీన్.