నలభై ఏడు పాయింట్ ఎనిమిది

రిటైర్మెంటుకు ఇంకా రెండేళ్లుందనగా, ఏప్రిల్ చివరి వారంలో, సిరిసిల్ల దగ్గరి ఒక పీజీ కాలేజీకి ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్‌గా నాకు ఆర్డరు వచ్చింది. అప్పుడు కోరుట్లలో డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవాణ్ణి, కాపురం జగిత్యాలలో. ఎమ్మెస్సీ చివరి సెమిస్టర్ ప్రాజెక్టు రిపోర్టులు చదివి, విద్యార్థులను ప్రశ్నించి, మార్కులు వేసి కవరుకు సీలు వేయడం ఎక్స్‌టర్నల్ పని. అంతకుముందు రెండేళ్లూ అక్కడికి నేనే వెళ్లాను.

నేను పుట్టు అనుమానపు మనిషిని. పాల ప్యాకెట్టు కూడా తూచి చూస్తానని మా ఆవిడ ఎత్తిపొడుస్తుంది. ఆ రోజు నా అనుమానం స్వప్న అనే అమ్మాయి రిపోర్టు మీద పడింది. ఆమెది చందుర్తి దగ్గరి ఊరు. తండ్రి సిరిసిల్లలో సైజింగ్ పని చేస్తాడు, అంటే సాంచాలనే మరమగ్గాలకు ఎక్కించే నూలుకు వేడి గంజి పట్టిస్తాడు.

ఆమె ప్రాజెక్టు ట్రైగ్లైసిన్ సల్ఫేట్ అనే స్ఫటికం మీద. ఇది ఫెర్రోఎలెక్ట్రిక్ జాతిది. మామూలు వేడిలో దీని లోపలి విద్యుదావేశాలన్నీ ఒకే వైపుకు ఒరిగి ఉంటాయి. నలభై తొమ్మిది డిగ్రీల దగ్గర ఆ వరస చెదిరిపోతుంది. ఆ మార్పు దగ్గర పడుతున్నకొద్దీ స్ఫటికపు డైఎలెక్ట్రిక్ స్థిరాంకం, అంటే విద్యుత్ క్షేత్రానికి అది స్పందించే కొలత, విపరీతంగా పెరిగి శిఖరానికి చేరి మళ్లీ పడిపోతుంది. ఆ దగ్గర్లో స్ఫటికం మందకొడిగా కూడా తయారవుతుంది. తొందరగా వేడిచేసినా, చల్లార్చినా శిఖరం సరిగా దొరకదు.

స్వప్న గ్రాఫులో డిగ్రీలో పదో వంతుకొక చుక్క ఉంది. చుక్కలన్నీ నునుపైన గీత మీద కూర్చున్నాయి. స్ఫటికాన్ని ల్యాబు ఓవెన్‌లో పెట్టి కొలిచినట్టు బొమ్మతో సహా రాసింది. మన కాలేజీల ఓవెన్ల వేడి అర డిగ్రీ తేడాలో కూడా నిలకడగా ఉండదు. పైగా శిఖరం 47.8 దగ్గర ఉంది. నలభై తొమ్మిది ఉంటే కాపీ అనేవాణ్ణి. పక్కకు జరిపేసరికి తెలివైన కాపీ అనుకున్నాను. స్టాక్ రిజిస్టరు తెప్పించి చూస్తే ఓవెన్ పేరు పక్కన ఎర్ర సిరాతో ‘పని చేయదు’ అని ఉంది. ఇక నాకు సందేహమే లేకపోయింది.

డిపార్ట్‌మెంట్ హెడ్‌ను అడిగాను. ఆయన చూపు తప్పించి, పిల్లలు ఏదో సర్దుకున్నరు సార్ అన్నాడు. ఆ అమ్మాయికి గురుకులంలో లెక్చరర్ పోస్టు వచ్చిందని, వచ్చే నెల సర్టిఫికెట్ల వెరిఫికేషన్ అని, ఈ ప్రాజెక్టు పోతే ఆ పోస్టూ పోతుందని బతిమాలాడు. అబద్ధం రాయడానికి ఆమెకు కారణం కూడా ఉందన్నమాట అనుకున్నాను. ‘ఫలితాలు కల్పితం’ అని రాయడానికి పెన్ను తీశాను. కానీ విద్యార్థిని అడగకుండా ఆ మాట రాయకూడదు, అది రూలు.

పిలిపించి, ఓవెన్ లేకుండా ఎలా కొలిచావని అడిగాను. ఆమె హెడ్ వైపు ఒకసారి చూసి, చేసి చూపిస్తానంది. చూపించమన్నాను, కానీ థర్మామీటరూ మీటరూ నేనే చదువుతానన్నాను.

ఐదు లీటర్ల స్టీలు క్యానులో వేడి నీళ్లు పోసింది. స్ఫటికాన్ని గాజు గొట్టంలో సీలు చేసి, వైర్లు బయటికి తీసి, డైఎలెక్ట్రిక్ స్థిరాంకం కొలిచే మీటరుకు కలిపి, నీళ్లలో దించింది. క్యాను చుట్టూ సాంచాల దగ్గర పారేసే వేస్టు నూలు మందంగా చుట్టింది. సైజింగ్‌లో గంజి తొట్టికి వాళ్ల నాన్న అలాగే చుడతాడట.

“గంజి జల్ది సల్లారితే నూలు ఖరాబైతది సార్. గీ క్రిస్టల్ గూడ గంతే, నిమ్మళంగ సల్లారాలె,” అంది.

పదింటికి కూర్చున్నాను. ఒక్కో డిగ్రీ దిగడానికి పావుగంట పట్టింది. నేను అంకెలు చెబుతుంటే ఆమె రాసింది. నీళ్లలో చెయ్యేమైనా పెడుతుందేమోనని భోజనానికి కూడా లేవలేదు. సరిగ్గా 47.8 దగ్గర మీటరు ఎక్కడం ఆగి దిగడం మొదలుపెట్టింది. నాకు సిగ్గేసింది.

అయినా వదల్లేదు. పుస్తకంలో నలభై తొమ్మిది ఉంది కదా అన్నాను.

“నీళ్లు ముందు సల్లారుతయి, గొట్టంల ఉన్నది ఎన్కకు సల్లారుతది సార్. థర్మామీటర్ నీళ్లల్ల ఉన్నది, అందుకే తక్కువ చూపెడ్తది,” అంది. నోట్‌బుక్‌లో మరో పేజీ తీసింది. నీళ్లను మెల్లగా వేడిచేస్తూ తీసిన రీడింగులవి. అందులో శిఖరం యాభై దాటింది.

మరి సరిచేసి నలభై తొమ్మిదే రాయకపోయావా అన్నాను.

“కొలిసింది రాసిన సార్. పుస్తకంల ఉన్నదే రాసేదుంటే కొలుసుడెందుకు?”

అయితే రిపోర్టులో ఓవెన్ బొమ్మ ఎందుకుందని అడిగాను. హెడ్డే చెప్పాడు. క్యాను, వేస్టు నూలు అని రాస్తే కాలేజీ పరువు పోతుందని, పాత రిపోర్టులోని బొమ్మ వేయమన్నది తానేనని. ఓవెన్ గురించిన రెండు పేజీల్లో నిజం రాయించి, వేడిచేస్తూ తీసిన రీడింగులు కూడా చేర్పించి, మార్కులు వేశాను. తర్వాత ఆమెకు పోస్టు దక్కింది.

ఆ రోజు కవరుకు సీలు వేసే ముందు, ఆ బొమ్మ ఎక్కడిదో చూద్దామని బీరువా తీయించాను. అంతకుముందు రెండేళ్లలో అదే స్ఫటికం మీద మూడు రిపోర్టులున్నాయి. మూడింటిలోనూ ఓవెన్‌తో కొలిచామని ఉంది, మూడింటిలోనూ శిఖరం 49.0. స్టాక్ రిజిస్టరు మళ్లీ తెరిచి, ఎర్ర సిరా పక్కన తేదీ చూశాను. ఓవెన్ చెడిపోయి మూడేళ్లు దాటింది. ఆ మూడు రిపోర్టులకూ మంచి మార్కులు వేసి, ఒక్క ప్రశ్న కూడా అడగకుండా సంతకం పెట్టిన ఎక్స్‌టర్నల్‌ను నేనే.