అమ్మ తోమిన అంకెలు

కోపం వస్తే గొంతు పెంచడం మా ఇంట్లో అందరికీ తెలుసు, నాకు తప్ప. మా వంశంలో డిగ్రీ పుచ్చుకున్న మొదటివాణ్ని కావడం వల్ల ఊరివాళ్ల అర్జీలన్నీ నేనే రాస్తూ వచ్చాను. అందువల్ల నా కోపం కూడా ‘అయ్యా, తమరికి విన్నవించుకొనునది’ అనే మొదలవుతుంది. ఈ ఒక్కదాన్ని అలా మొదలుపెట్టదలచుకోలేదు. రవాణా కార్యాలయంలో ఒక తనిఖీ అధికారి మా అమ్మను నలుగురి ముందు దొంగను చేశాడు. ఆ కార్యాలయం ఏ ఊళ్లో ఉందో రాయను. తప్పు ఊరిది కాదు.

మా అన్న ఆదోనికీ ఎమ్మిగనూరుకూ మధ్య బాడుగ కారు నడిపేవాడు. శ్రావణమాసంలో ఉరుకుంద తిరునాళ్లకు జనాన్ని చేరవేస్తూ ఇంటికి రావడమే మరిచిపోయేవాడు. ఒకసారి సి.బెళగల్ దారిలో పంక్చరైన చక్రం మారుస్తుండగా వెనుక నుంచి ట్రాక్టరు వచ్చి గుద్దింది. కుడికాలు మోకాలి కింద తీసివేశారు. ఆ తరువాత అతడు గోనెగండ్ల దగ్గరున్న మా ఊళ్లో అరుగు మీద కూర్చొని, రోడ్డు మీద పోయే బండ్ల శబ్దం విని అవి ఏ గేరులో పోతున్నాయో చెబుతుండేవాడు. వీధి పిల్లలకు అది ఆట. ఇతరులు నడిపే బండిలో ఆసుపత్రికి తప్ప ఎక్కడికీ వచ్చేవాడు కాదు. అతడు మళ్లీ స్టీరింగు పట్టుకోవాలి. మాకు కావలసింది అంతే.

అందుకోసం ఒక పాత కారు కొని, ఆదోనిలో పత్తి మిల్లుల వెనుక వీధిలో ఉన్న మెకానిక్కు చేత చిన్న మార్పు చేయించాము. స్టీరింగు పక్కన ఒక చేతిపిడి అమర్చాడు. ముందుకు తోస్తే బ్రేకు, తనవైపు లాగితే యాక్సిలరేటరు. క్లచ్చుకు అన్న ఎడమకాలు ఉండనే ఉంది. చట్టం ప్రకారం ఇటువంటి మార్పును తనిఖీ అధికారి పరీక్షించి రిజిస్ట్రేషన్ కార్డులో నమోదు చేయాలి. అది జరిగితేనే అన్నకు ఆ బండి మీద లైసెన్సు పరీక్ష పెడతారు. ఈ నిబంధన సబబైనదే. రోడ్డు మీద మనుషుల ప్రాణాలుంటాయి. నా కోపం నిబంధన మీద కాదు.

మొదటిసారి పోయినప్పుడు అధికారి బండి వైపు చూడకుండానే అడిగాడు.

“ఎవరు నడిపి చూపిస్తారు?”

“నేనే సార్,” అన్నాడు అన్న.

“ఈ బండికి నీకు లైసెన్సు ఉందా?”

“ఇది పాసైతేనే కద సార్, నాకు లైసెన్సు ఇచ్చేది.”

“లైసెన్సు లేనోడు ఈ ఆవరణలో స్టీరింగు పట్టుకోకూడదు.”

“మా తమ్మునికి ఉంది సార్. వాడు నడుపుతాడు.”

“కాళ్లుండేటోడు కాళ్లతో నడిపితే ఇంక నేను చూసేదేముంది? పోండి.”

ఆయన మాటల్లో దేనికది విడిగా చూస్తే సరైనదే. రెండూ పక్కపక్కన పెడితే మాత్రం మా అన్న లోపలికి రావడానికి సందు మిగలలేదు. గేటు దగ్గర ఒక బ్రోకరు మా కోసమే కాచుకొని ఉన్నాడు.

“ఆ సారు అట్లనే అంటాడు లేన్నా. నా మీద వదిలిపెట్టు. బండి ఈడికి రాకుండానే పాసయితాది.”

“చూడకుండా పాస్ చేసిన బ్రేకు మాకు వద్దండీ,” అన్నాను.

“ఓహో, సదువుకున్నోళ్లా!” అని అతడు నవ్వి వేరే బండి వైపు పోయాడు.

అధికారి మాటకు ఆయన మాటలోనే జవాబు చెప్పాలనుకున్నాను. కుడికాలు మడిచి తొడ కింద పెట్టుకొని, చేతిపిడితో నడపడం నేనే నేర్చుకోవాలని నిశ్చయించుకున్నాను. పత్తి కట్టె పీకేసిన నల్లరేగడి చేల మధ్య బండిబాట మీద అన్న పక్క సీట్లో కూర్చొని నేర్పాడు.

“రేయ్, అది బర్రె పొదుగు కాదురా, అట్ల పిండొద్దు. మెల్లగ తొయ్యి.”

“తోస్తాండాను కదన్నా.”

“కాలు! ఆ కాలు యాడికి పోతాంది?”

“అలవాటన్నా. బ్రేకు అనుకుంటే కాలే పోతుంది.”

“నాకూ అంతే,” అన్నాడు అన్న. “లేని కాలు ఈపొద్దుకూ బ్రేకు మీదికి పోతాది.”

ఆ మాటతో బండి ఆపేశాను. నేను దిగి ఇటు వస్తే, అతడు సీటు మీదుగా జరిగి స్టీరింగు ముందుకు పోయాడు. చేను గట్టు దాకా నడిపి, తిప్పుకొని వచ్చాడు. బండి ఎక్కడా కుదుపు లేకుండా నడిచింది. అతడు ఈల వేయడం చాలాకాలం తరువాత ఆరోజు విన్నాను.

రెండవసారి పోవలసిన రోజుకు ముందు సాయంత్రం నేను బానెట్టు ఎత్తి, ఇంజను వెనుక రేకు మీద చెక్కిన ఛాసిస్ నంబరును గుడ్డతో తుడుస్తున్నాను. అమ్మ వచ్చి అదేమిటని అడిగింది. “ఈ అంకెలు దీని పేరులాంటివమ్మా. రేపు సారు వీటినే చూసి, ఇది మన బండేనని నమ్ముతాడు,” అన్నాను. అమ్మ కాసేపు చూసి పోయింది. ఇంటికి వచ్చిన ప్రతి కొత్త వస్తువుకూ బొట్టు పెట్టే మనిషి ఆమె. దూడకూ, విత్తనాలు వేసే గొర్రుకూ పెట్టింది. నా డిగ్రీ పట్టా మీద కూడా ఒక మూలన కుంకుమ మరక ఉంది.

తెల్లవారి ముగ్గురమూ బయలుదేరాము. పని కాగానే అటునుంచి అటే ఉరుకుంద పోయి, ఈరన్న స్వామి ముందు బండికి పూజ చేయించాలని అమ్మ కొబ్బరికాయలూ నిమ్మకాయలూ సంచిలో పెట్టుకుంది. కార్యాలయంలో నేను కాలు మడుచుకొని, చేతిపిడితో ఆవరణ చుట్టూ బండి నడిపి, ఆపమన్న చోట ఆపాను. అధికారి ఏ లోపమూ చెప్పలేకపోయాడు. బానెట్టు తెరవమన్నాడు.

నంబరు మీద పసుపు దట్టంగా పూసి ఉంది. మధ్యలో కుంకుమ. ఆయన గుడ్డ తీసుకొని తుడిచాడు. కింద రంగు లేదు. చుట్టూ జానెడు మేర రేకు తళతళ మెరుస్తూ ఉంది.

“నంబరు గీకినారు,” అన్నాడు. “ఎవరు చేసినారు ఈ పని?”

అమ్మ సంచితో సహా ముందుకు వచ్చింది.

“నేనే సామీ. చింతపండు, ఇటికపొడి ఏసి తోమినా. పండక్కి దేవుని సామాన్లు తోమినట్లే తోమినా. మీరు సూసేది కదా, మురికి ఉండకూడదని.”

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. “నంబరు తోమిందంటప్పా!” అని బ్రోకరు పక్కవాడి వీపు మీద చరిచాడు. అధికారి నవ్వలేదు.

“దొంగబండి పాస్ చేయించుకునేదానికి ముసలామెను ముందర పెట్టినారా? ఏం ప్లానప్పా!”

అమ్మ తన రెండు చేతులూ చూసుకుంది. వేళ్ల సందుల్లో పసుపు ఇంకా ఉంది. వాటిని కొంగులో దాచుకుంది.

“అయ్యా,” అన్నాను. “రంగు పోయింది, అంకెలు పోలేదు. దయచేసి కాగితం మీద ముద్ర తీసి, కార్డుతో పోల్చి చూడండి.”

“నా పని నాకు నేర్పుతావా?”

“అయితే మీ అనుమానమేదో రాసి ఇవ్వండి.”

“నేనేమీ రాయను. దొంగబండి కాదని స్టేషనులో రాయించుకొని రా.”

అన్న అంతసేపూ పక్క సీట్లో కూర్చొని, ఆ చేతిపిడి మీద చేయి వేసి ఉంచాడు. నేను వచ్చి కూర్చోగానే చేయి తీసేశాడు. ఉరుకుంద వైపు తిరగలేదు. ఇంటిదారి పట్టాము. దారిలో అమ్మ ఒకే ఒక్క మాట అడిగింది.

“తోమేది అంత తప్పా నాయనా?”

అమ్మనూ అన్ననూ ఇంటి దగ్గర దింపి, అదే బండిలో పోలీసు స్టేషనుకు పోయాను.

స్టేషనులో నంబరు చూశారు. ఈ బండి మీద ఏ ఫిర్యాదూ లేదన్నారు. అయితే ఆ మాట రాసివ్వడం తమ పని కాదన్నారు. రాసింది లేకుండా రావద్దని కార్యాలయంలో అన్నారు. ఒకచోటి నుంచి ఇంకొకచోటికి తిరిగాను. పోయిన ప్రతిసారీ ఉతికిన చొక్కా వేసుకున్నాను. ప్రతిసారీ నమస్కారం పెట్టాను. బండి మా ఇంటి ముందు దుమ్ము పట్టింది. అన్న మళ్లీ అరుగు మీదికి చేరి, పోయే బండ్ల గేర్లు చెప్పడం మొదలుపెట్టాడు. కొన్నాళ్లకు అదీ మానేశాడు. పిల్లలు వచ్చి అడిగితే, “మీరే చెప్పుకోండప్పా,” అని లోపలికి పోయేవాడు.

ఆ అధికారికి బదిలీ అయింది. కొత్తగా వచ్చినాయన నాచేత చేతిపిడితో బండి నడిపించి చూసి, బానెట్టు తెరిచి, నంబరు మీద తెల్లకాగితం పరిచి పెన్సిలుతో రుద్దాడు. అంకెలన్నీ వరుసగా, స్పష్టంగా లేచాయి. కార్డుతో పోల్చి చూసుకున్నాడు. రేకు ఎందుకు మెరుస్తున్నదని అడిగితే చెప్పాను. “తోమితే పోయేటివి కావులెండి ఇవి,” అని సంతకం పెట్టాడు. ఆయన కోసం తెచ్చిన టీ ఇంకా వేడిగానే ఉంది.

నాకు సంతోషం కలగాలి. కలగలేదు. అదే చట్టం, అదే బండి, అవే అంకెలు. ఒక కాగితం ముక్క పరచి రుద్దడానికి పట్టేంత సమయాన్ని మొదటి మనిషి మా అన్నకు ఇవ్వలేదు. ఆయనకు చేయి నొప్పి లేదు, పెన్సిలు లేకపోలేదు. ఇవ్వకపోయినా తనను అడిగేవారు లేరని ఆయనకు తెలుసు. నేను అడిగాను. నా చదువంతా కూడగట్టుకొని, ఎంతో మర్యాదగా అడిగాను. ఆ మర్యాద నాకు ఈనాటికీ మింగుడుపడదు.

అన్న అదే ఆవరణలో పరీక్షకు నడిపి లైసెన్సు తెచ్చుకున్నాడు. ఆ వచ్చే సోమవారం అతడే నడుపుతూ మమ్మల్ని ఎమ్మిగనూరు మీదుగా ఉరుకుంద తీసుకుపోయాడు. ప్రతి మలుపులోనూ ఈల వేశాడు. గుడి ముందు బండి ఆపాడు. నేను చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాను. అమ్మ పసుపు కుంకుమల గిన్నె పట్టుకొని బానెట్టు ముందు నిలబడింది. చేయి మాత్రం ముందుకు రాలేదు.

“పెట్టొచ్చునా నాయనా?” అని నన్ను అడిగింది. “గవర్మెంటోళ్లు ఏమీ అనరు కదా?”

దూడకు బొట్టు పెట్టేటప్పుడు ఆమె ఎవరినీ అడగలేదు. నా పట్టాకు పెట్టేటప్పుడూ అడగలేదు.

“ఏమనేది వాళ్లు? మన బండిమ్మా ఇది. ఈడికి రా,” అని అన్న కిటికీలోంచి చేయి చాపి, ఆ చేతిపిడి చూపించాడు.

అమ్మ కిటికీలోంచి లోపలికి వంగి, వేలి కొనతో దాని మీద బొట్టు పెట్టింది. ఆవగింజంత బొట్టు. వెంటనే చుట్టూ ఒకసారి చూసి, వేలు కొంగుకు తుడుచుకుంది. అంత చిన్న బొట్టు ఆమె తన జీవితంలో దేనికీ పెట్టగా నేను చూడలేదు.