గోనెసంచుల మీద చేతులు

ఆర్మూర్‌లో నాకు ఫ్లెక్సీ దుకాణం ఉంది. పుట్టినరోజు, పెళ్లి, దశదినకర్మ, ఏదైనా సరే, ముఖాలు అమర్చడం నా పని. అందరి ముఖాలూ కాస్త తెల్లగా చేస్తాను. చనిపోయినవాళ్లకు మాత్రం ఇంటివాళ్లు అడిగితేనే చేస్తాను.

పసుపు సీజన్‌లో ఒకరోజు, కమీషన్ ఏజెంటు ఒకాయన కూతురు దుకాణానికి వచ్చింది. హైదరాబాద్‌లో ఫైన్ ఆర్ట్స్ చదివిన అమ్మాయి. వాళ్ల నాన్న గోదాములో ఇన్‌స్టలేషన్ పెడతానంది.

"ఎన్ని టన్నులది మేడం?" అని అడిగాను. ఏసీ అనుకున్నాను.

ఆమె ఓపికగా చెప్పింది. ఖాళీ గోనెసంచులను కలిపి కుట్టి పెద్ద తెర చేస్తుందట. పసుపు ఏరే చేతుల వీడియోను దాని మీద వేస్తుందట. పోస్టరు, బోర్డు నావి. వీడియో కోసం మా పక్క దుకాణం ఫొటోగ్రాఫర్‌ను పిలిచాను. అతను పెళ్లిళ్లు తీస్తాడు.

గోదాములో చాలా ఏళ్లుగా పసుపు ఏరుతున్న ఒక పెద్దావిడ ఉంది. పొడుగు కొమ్ములు ఒక కుప్ప, గుండ్రటి గోళాలు ఒక కుప్ప వేస్తూ కూర్చుంది. ఫొటోగ్రాఫర్ కెమెరా పెట్టి, "అమ్మా, జర నవ్వుండ్రి" అన్నాడు. తీసేది చేతులేనని గుర్తు చేశాను.

"నవ్వితే చేతులు గూడ మంచిగొస్తయన్నా."

అతను ఎడిట్ చేసి తెచ్చిన వీడియోలో ఆ చేతుల మీద గులాబీ రేకులు రాలుతున్నాయి. అమ్మాయి చివరిదాకా చూసింది.

"పూలు తీసెయ్యన్నా."

"పూలు తీస్తే ఏముంటది మేడం? పసుపే ఉంటది."

"అదే కావాలె."

అతను రెండు రోజులు మాతో సరిగ్గా మాట్లాడలేదు. పూలు మాత్రం తీసేశాడు.

మధ్యాహ్నం షట్టర్లు దించి, చీకటి చేసి, ప్రదర్శన మొదలుపెట్టాం. గోనెసంచుల మీద మనిషికంటే పెద్ద చేతులు కదులుతున్నాయి. వ్యాపారులు చేతులు కట్టుకుని చూశారు. ఒకాయన ఇది ఏ కంపెనీ పసుపు అడ్వర్టైజ్‌మెంటని అడిగాడు. "మా బిడ్డదే" అన్నాడు అమ్మాయి తండ్రి. అడిగినాయన తలూపాడు.

పెద్దావిడ ముందుకు వచ్చి కింద కూర్చుంది. వీడియో అంతా చూసింది.

"బిడ్డా, గివి నా చేతులేనా?"

"నీయే అమ్మా."

"మరి నా ముఖమేది?"

ముఖం చూపించకపోతే అవి పసుపు ఏరే అందరి చేతులూ అవుతాయని అమ్మాయి చెప్పింది.

"అందరియి ఎందుకైతయి? ఏరింది నేను గదా."

వీడియో అయిపోయి మళ్లీ మొదలైంది.

ఆ సాయంత్రం అమ్మాయి గోదాము మెట్ల మీద కూర్చుని ఉంటే టీ తెచ్చి ఇచ్చాను. "చేతులు చాలనుకున్నన్నా. ఆమెను అడుగుదామని తోచనే లేదు" అంది. టీ చల్లారిపోయింది. రేపు ఆమె ముఖం తీద్దాం, నువ్వు ఫ్లెక్సీ చేయి, తెర పక్కనే కడదాం అంది. ఫొటోగ్రాఫర్‌కు ఈ మాట చెబితే పూలు తీసేసిన తరవాత మొదటిసారి అతను నన్ను చూసి నవ్వాడు.

మరునాడు ఆవిడ పట్టుచీర కట్టుకొని వచ్చింది. రోజూ కట్టే చీరైతే బాగుంటుందని అమ్మాయి నెమ్మదిగా అంది.

"పని చీరల ఎవ్వలన్న ఫొటో దిగుతరా?"

పట్టుచీరలోనే తీశాం. కంప్యూటర్ ముందు నలుగురం చేరాం.

"ముఖం జర తెల్లగ చెయ్యి కొడుకా" అంది ఆవిడ.

"వద్దన్నా, ఉన్నది ఉన్నట్టే ఉంచు" అంది అమ్మాయి.

నేను మౌస్ మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాను.

ఆవిడ ఆలోచించి, "చేతులు పసుపుగనే ఉంచు. ముఖం ఒక్కటే చెయ్యి" అంది.

అమ్మాయి కూడా ఆలోచించింది. "సరే. ఎంత తెల్లగ అమ్మా?"

ఆవిడ గోడ మీది ఫ్లెక్సీలో ఉన్న పెళ్లికొడుకును చూపించింది. అంతకంటే కొంచెం తక్కువే చేశాను. కింద ఆవిడ పేరు, నాయకులకు వాడే అక్షరాల్లో పెద్దగా వేశాను. పేరు చదవడం ఆవిడకు రాదు. వేలితో ఎంత పొడుగుందో చూసుకుంది.

ఆ తరవాత జనం పెరిగారు. గోదాముల్లో పనిచేసే ఆడవాళ్లు గుంపులుగా వచ్చి, తెర మీది చేతులను, పక్కనున్న ముఖాన్ని చూసి, ఆవిడను ఆటపట్టించి వెళ్లేవాళ్లు. తరవాత అమ్మాయి హైదరాబాద్‌లో కూడా అలాగే పెట్టింది. దానికోసం ఇంకో ఫ్లెక్సీ ప్రింటు తీసి నేనే తీసుకెళ్లాను. అక్కడ ఒకాయన నన్నూ ఆర్టిస్టు అనుకుని, "మీ ప్రాక్టీస్ ఏంటండీ?" అని అడిగాడు. "ఆర్మూర్ బస్టాండ్ దగ్గర" అన్నాను. ఆయన మర్యాదగా తలూపాడు.

మొదటి ఫ్లెక్సీని ఆవిడే ఇంటికి తీసుకుపోయింది. ఒకసారి అటు వెళ్లినప్పుడు చూశాను. గోడ మొత్తం అదే ఉంది. కిటికీ దాని వెనక మూసుకుపోయింది. ఆవిడా, ఇంట్లోవాళ్లూ పగలే లైటు వేసుకుని కూర్చున్నారు. కిటికీ మేర కోసి ఇస్తానన్నాను.

"యాడ కోస్తవు?" అంది.

చెయ్యి పెట్టి చూశాను. కిటికీ సరిగ్గా చెంప దగ్గర వస్తోంది. టీ తాగి వచ్చేశాను.