మైలుకి నాలుగు నిమిషాలు

మా నాన్న బస్సు డ్రైవరు. ఇచ్ఛాపురం నుంచి గిరిసోల మీదుగా బరంపురం దాకా పొద్దున ఒక ట్రిప్పు, మధ్యాహ్నం ఒక ట్రిప్పు. బస్సు బరంపురం బజారులో ఒక తెలుగు షావుకారుది. ఆయనది చింతపండు, బెల్లం టోకు వ్యాపారం. బస్సు మాత్రం ముచ్చటపడి కొన్నాడు. ఎవరో వాడి వదిలేసిన బస్సు అది. దాని స్పీడు చూపించే ముల్లు మేం ఎరిగినప్పటినుంచీ సున్నా దగ్గరే పడుకుని ఉండేది. దాన్ని బాగుచేయించాలని ఎవరికీ తోచలేదు, ఎందుకంటే నాన్నకి దానితో పనే లేదు. ఇంజిను గొంతు విని వేగం చెప్పేవాడు. పదిహేను మైళ్లలో అది తిరగలి విసిరినట్టు ఉంటుందనీ, ఇరవై దాటితే కుట్టుమిషను పాట మొదలెడుతుందనీ నాకు చిన్నప్పుడే నేర్పాడు. నేను కళ్లు మూసుకుని వేగం చెబుతుంటే బస్సంతా మెచ్చుకునేది. ఆడపిల్లకి ఈ విద్యెందుకని అమ్మ మాత్రం మూతి తిప్పేది.

ఒరిస్సా కొత్తగా రాష్ట్రమైన తొలి ఏళ్లవి. నిన్నటిదాకా మద్రాసుకి అర్జీలు రాసుకున్న మేం కటకానికి రాసుకోవడం నేర్చుకుంటున్నాం. మా ఊరు గిరిసోల పక్కనే కాబట్టి సరిహద్దు మా పొలాల చివర పడింది. నాకప్పుడు పద్దెనిమిదేళ్లు, బరంపురంలో ఆడపిల్లల బడిలో పంతులమ్మగా చేరి ఆర్నెల్లయింది. పొద్దున నాన్న బస్సులోనే వెళ్లి, మధ్యాహ్నం బస్సులోనే తిరిగొచ్చేదాన్ని. మొదట్లో వెనక ఆడవాళ్ల బెంచీ మీద కూర్చునేదాన్ని. కొన్నాళ్లకి నాన్నే పిలిచి ముందు సీట్లో, తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు. పంతులమ్మనయ్యాను కదా, ఆ గౌరవమని లోలోపల పొంగిపోయాను.

ఆ రోజుల్లోనే కటకం వైపు నుంచి బరంపురం స్టేషనుకి కొత్త పోలీసు ఇన్‌స్పెక్టరు వచ్చాడు. బరంపురానికి రెండు మైళ్ల ఇవతల నుంచి బస్టాండు దాకా మోటార్లు గంటకి పదిహేను మైళ్లు దాటకూడదని బోర్డు పెట్టించాడు. బోర్డు ఒడియాలో ఉంది, ఇంగ్లీషులో ఉంది, తెలుగులో లేదు. షావుకారు ఒడియా మాకంటే బాగా చదువుతాడు, అయినా ఆ బోర్డు ముందు నిలబడి, "మనకి సెప్పనక్కర్లేదనుకున్నాడేటి?" అని నొచ్చుకున్నాడు. అంతకుముందూ ఆ రూలు ఉండేదట, ఎవరూ పట్టించుకోలేదు. ఇప్పుడు ఒక కల్వర్టు దగ్గర ఎర్రజెండాతో ఒక కానిస్టేబులు, మరో కల్వర్టు దగ్గర వాచీతో ఇంకో కానిస్టేబులు. బస్సు మొదటి కల్వర్టు దాటగానే జెండా దిగేది, రెండోది దాటేసరికి ఎన్ని సెకన్లయిందో చూసి కేసు రాసేవారు. గుర్రబ్బండ్లనీ సైకిళ్లనీ కూడా వదల్లేదు. దిగుడులో బ్రేకు పడక జారిపోయిన పాలవాడి సైకిలుని పట్టుకుని వేగం కేసు రాస్తే, ఊరు వారం రోజులు అదే చెప్పుకుని నవ్వింది.

నవ్వు కాస్తా కోపమవడానికి ఎన్నాళ్లో పట్టలేదు. మొదటి కల్వర్టుకి ముందు ఒక ఒడియా ముసలాయన పాన్ దుకాణం ఉండేది. పోలీసులు కాపు కాసిన రోజున ఎండా వానా లేకపోయినా దుకాణం ముందు నల్లగొడుగు తెరిచి పెట్టేవాడు. గొడుగు కనబడితే గుర్రాలు కూడా నడక మార్చేవని చెప్పుకునేవారు. తెలుగువాళ్లు, ఒడియావాళ్లు అని తేడా లేకుండా బజారంతా ఒకటైన మొదటి సంగతి బహుశా ఆ గొడుగే. నాన్న మాత్రం దాన్ని చూసి నవ్వేవాడు. "మనకెందుకమ్మా గొడుగు? ఆ బోర్డు రాగానే పదిహేనుకి దింపీడం నాకు పుట్టుకతోటే వొచ్చింది" అనేవాడు.

అలాంటి నాన్న మీదే కేసు పడింది. ఆపిన కానిస్టేబులు ఇరవై రెండు మైళ్లని చెబితే నాన్న నమ్మలేదు. "నానా? పదిహేను దాటీసినానా? ఇరవై ఏళ్లయి తోల్తన్నాను బాబూ, కోడిపిల్లని తొక్కలేదు" అన్నాడు. బస్సులో వాళ్లంతా దిగి సాక్ష్యం చెప్పారు. వాచీ ఒప్పుకోలేదు. ఇరవై రోజులు తిరక్కుండా రెండో కేసు పడింది. మూడోది పడితే లైసెన్సు రద్దవుతుందని స్టేషనులో చెప్పి పంపారు. ఆ రాత్రి నాన్న అన్నం ముందు కూర్చుని కలిపిన ముద్ద కలిపినట్టే ఉంచేశాడు. జరిమానా కాదు ఆయన బాధ. తను అబద్ధాలకోరని కాయితం మీద రాసుకున్నారని.

షావుకారు అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. "ఆడి వాచీ ఎక్కడ కొన్నాడో ఏటో! మా డ్రైవరు తప్పు సేసినాడని సెప్పే వాచీ ఇంకా పుట్టలేదు" అని బజారు నడిబొడ్డున అరిచాడు. సోమవారం దుకాణాలన్నీ కట్టేసి, అందరూ స్టేషనుకి వెళ్లి అర్జీ ఇవ్వాలని తీర్మానమైంది. నా దస్తూరీ బాగుంటుందని అర్జీ తెలుగు ప్రతి రాసే పని నాకు ఒప్పజెప్పారు. అందులో మొదటి వాక్యమే, ఈ డ్రైవరు ఏనాడూ పదిహేను మైళ్లు దాటి ఎరగడు అని. ఆ వాక్యానికి రుజువు కూడా జతచేస్తే తిరుగుండదని నాకు తోచింది. బోర్డు దాటాక మైలురాళ్లు ఉన్నాయి. పదిహేను మైళ్ల వేగంలో మైలుకి నాలుగు నిమిషాలు పట్టాలి. లెక్కల పంతులమ్మని, పోలీసుల వాచీ తప్పని నిరూపించకపోతే నా చదువెందుకు? షావుకారుని అడిగితే జేబులోంచి గొలుసు వాచీ తీసి నా చేతిలో పెట్టాడు. "ఇచ్చీసినాను తీసుకోమ్మా. ఆల వాచీకి మన వాచీ తోటే జవాబు సెప్పుదుం" అన్నాడు.

శనివారం పొద్దున నాన్న పక్కన కూర్చుని, వాచీ చీర కొంగులో దాచుకున్నాను. బోర్డు వచ్చింది. నాన్న కాలు కాస్త పైకి తీశాడు, ఎప్పట్లాగే. మైలురాయి దాటగానే వాచీ ముల్లు చూశాను. తర్వాతి మైలురాయి దగ్గర మళ్లీ చూశాను. మూడు నిమిషాలు కూడా కాలేదు.

నేనే తప్పు చూశానేమో అనుకున్నాను. మధ్యాహ్నం తిరుగు ట్రిప్పులో, ఊరి బోర్డు దాటేలోపు మళ్లీ చూశాను. అంతే వచ్చింది. అప్పుడు వాచీ వదిలి ఇంజిను విన్నాను. అది తిరగలి కాదు. ఎన్నాళ్లనుంచి కుట్టుమిషను పాడుతోందో, నాన్న చెప్పాడు కదా అని నా చెవులు వినడం మానేశాయి. "నాన్నా, ఎంతలో ఎల్తన్నాం?" అని అడిగాను. జవాబు లేదు. రోడ్డు చూస్తున్నాడనుకుని మళ్లీ అడిగాను. లేదు. చెయ్యి మీద తట్టి, ఆయన నా మొహం చూశాక అడిగితే, "పదిహేనే కదమ్మా. ఇనబడ్లేదేటి, తిరగలి!" అని నవ్వాడు.

ఆర్నెల్లుగా కళ్లెదుట ఉన్నవన్నీ ఒక్కసారి వరసకట్టాయి. జనం గోలలో కండక్టరు కేక వినబడదని, నాన్న తన మోచేతికి తాడు కట్టించుకుని దాన్ని లాగమన్నాడు. వెనక మరో మోటారు హారను కొడితే నేను తల తిప్పేదాన్ని, నేను తల తిప్పగానే నాన్న ఎడమకి తొలిగేవాడు. నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టింది గౌరవానికి కాదు. ఏడాదిగా ఇంట్లో అమ్మ పెద్దగొంతు చేస్తే, వయసుతో కోపం పెరిగిందనుకున్నానే కానీ ఇంకోటి ఆలోచించలేదు. ఎంత తెలివితక్కువ దాన్నో అని నన్ను నేనే తిట్టుకున్నాను.

ఆదివారం మధ్యాహ్నం నాన్న పెరట్లో బస్సు హారను రబ్బరు బుడ్డికి అతుకు వేస్తూ కూర్చున్నాడు. నేను అరుగు మీద అర్జీ కాయితం పెట్టుకుని, ఆ మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయి ఉన్నాను. రాస్తే బజారంతా సంతోషిస్తుంది, మూడో కేసు కూడా తప్పుతుందేమో. కానీ రేపో ఎల్లుండో నేను పక్కన లేని రోజున, అదే వేగంలో, ఏ పిల్లో రోడ్డుకి అడ్డం వస్తే? రాయకపోతే నాన్న ఇరవై ఏళ్ల మాట నా చేత్తోనే కొట్టేసినట్టు. ఇంతలో నాన్న అతుకు ఆరిందో లేదో చూద్దామని బుడ్డి గట్టిగా నొక్కాడు. పక్కింటి కోళ్లన్నీ చెల్లాచెదురుగా పరిగెత్తాయి. నాన్న నావైపు తిరిగి, "మోగిందా?" అని అడిగాడు.

నా కళ్లలో నీళ్లు ఆగలేదు. నాన్న హారను పక్కన పెట్టి, నా ముందున్న ఖాళీ కాయితం చూశాడు, నన్ను చూశాడు.

"నీకు తెలిసిపోనాది" అన్నాడు. తన కాలి కేసి చూసుకుంటూ, "సెవులు పోతే కాలికి తెలుస్తాదిలే అనుకున్నానమ్మా. కాలు కూడా మోసం సేసింది. నువ్వు పక్కన కూకుంటే ధైర్నంగా ఉండీది" అన్నాడు. నాకు కోపం వచ్చింది, జాలి వేసింది, ఆ రెండింటికంటే ఎక్కువగా ఆయన్ని కావలించుకోవాలనిపించింది. అమ్మ లోపలినుంచి వచ్చి ఏమీ అడక్కుండా ఆయన పక్కన కూర్చుంది. పొద్దుపోయే లోపల నిర్ణయం కూడా నాన్నే చేశాడు. "అర్జీ వొద్దు. రేపు లైసెన్సు నానే ఇచ్చీసి వొచ్చీస్తాను. అయితే ఒక్కటి. సెవుడోడని మాత్రం బజార్లో ఎవలికీ తెలీకూడదు" అన్నాడు.

సోమవారం బజారు నిజంగానే మూసేశారు. గుర్రబ్బండ్లవాళ్లు గుర్రాలని కళ్లెం పట్టి నడిపిస్తున్నారు, సైకిళ్లవాళ్లు సైకిళ్లని తోసుకుంటూ గంటలు కొడుతున్నారు. పాన్ దుకాణం ముసలాయన గొడుగు మడిచి చంకలో పెట్టుకుని మరీ వచ్చాడు. అర్జీ నా దగ్గరే ఉందనుకున్న ఆ జనం మధ్యలోంచి, లైసెన్సు చేత్తో పట్టుకుని నాన్నా, పక్కన నేనూ స్టేషను లోపలికి వెళ్లాం.

ఇన్‌స్పెక్టరు నేను ఊహించుకున్నంత భయంకరంగా లేడు. సన్నగా, అలిసిపోయినట్టు ఉన్నాడు. ఒడియాలో ఏదో అడిగాడు. నాన్నకి మా అందరిలాగే ఒడియా వచ్చు, కానీ ఆయన పెద్ద మీసాల కింద పెదాలు కనబడక తెల్లమొహం వేశాడు. జవాబు నేను చెప్పాను, అంతా చెప్పాను, బయటివాళ్లకి తెలియకూడదన్న మాటతో సహా. నాన్న లైసెన్సు బల్ల మీద పెట్టాడు. ఆయన లేచి, తన ఎదురు కుర్చీ స్వయంగా లాగి, "బొసొంతు మౌసా, బొసొంతు" అన్నాడు, కూర్చోండి బాబాయ్ అని చేత్తో చూపిస్తూ. లైసెన్సు సొంత ఇష్టంతో అప్పగించాడని మాత్రం రాసుకుని, కారణం రాయకుండా వదిలేశాడు. ఆయన మీద నాకున్న కోపం అక్కడితో సరి.

మేం బయటికి రాగానే నాన్న ఖాళీ చేతులు చూసి జనం ఇంకోలా అర్థం చేసుకున్నారు. లైసెన్సు పోలీసుల మొహాన కొట్టి వచ్చాడనుకున్నారు. షావుకారు పరుగున వచ్చి నాన్న మెడలో దండ వేశాడు. "మా డ్రైవరు తప్పు సెయ్యలేదు!" అని ఒక మూల తెలుగులో, ఇంకో మూల ఒడియాలో కేకలు మిన్నుముట్టాయి. నాన్న నలువైపులా దణ్ణాలు పెడుతూ, మధ్యలో నా చెయ్యి పట్టుకుని, "ఏటంతన్నారమ్మా?" అని అడిగాడు.

ఆ సంతోషంలో నేను ఒళ్లు మరిచిపోయాను. కాలి వేళ్ల మీద లేచి, ఆయన చెవికి నోరు ఆనించి, గొంతు చించుకుని అరిచాను, "నువ్వు తప్పు సెయ్యలేదంతన్నారు నాన్నా!" అని.

దగ్గరున్నవాళ్లు అది చూశారు. షావుకారు చూశాడు. పక్కవాడు పక్కవాడికి మోచేత్తో పొడిచాడు. అరుపులు ముందు వరసలో ఆగాయి, తర్వాత వెనక వరసలో, చివరికి సైకిలు గంటలు కూడా ఆగిపోయాయి. ఏం చేశానో నాకు అప్పుడు తెలిసింది. నాన్నకి తెలియలేదు. ఆయన ఇంకా కుడివైపూ ఎడమవైపూ దణ్ణాలు పెడుతూనే, ఆ నిశ్శబ్దంలో పెద్దగొంతుతో, "సాలు బాబూ, ఇంక అరవకండి, గొంతులు పోతాయి" అన్నాడు.

షావుకారు కళ్లు తుడుచుకుని, నాన్నకి బాగా కనబడేలా ముందుకొచ్చి, రెండు చేతులూ పైకెత్తి, ఆయన చెప్పాడు కాబట్టి ఇక ఆపమన్నట్టు జనానికి సైగ చేశాడు.