షాహీదాబీ వేసిన ఒట్టు

పులివెందుల రోడ్డులోని ముగ్గురాయి పొడి ఫ్యాక్టరీలో షాహీదాబీకి ఒక గది, రెండు కుర్చీలు, తలుపుకు పరదా ఇచ్చారు. ఆమె కొలువు పేరు అంబుడ్స్. పనివాళ్ల నోట అది తిరగక ‘వినే మేడమ్’ అయింది. ఎవరొచ్చి ఏం చెప్పుకున్నా వినాలి. రాసుకోకూడదు. యాజమాన్యం పక్షమూ పనివాళ్ల పక్షమూ పట్టకూడదు. చెప్పినవాడు ఒప్పుకుంటే తప్ప ఆ మాట గడప దాటకూడదు. ప్రాణం మీదికొచ్చే సంగతి ఒక్కదానికే మినహాయింపు.

మొదట్లో క్యాంటీన్లో ఎగతాళి చేశారు. “విన్యావా మామా, చెవులకు జీతమిస్తాండారంట! మా యింటిదానికైతే నోటికియ్యాల.” అట్లా నవ్వినవాళ్లే తర్వాత ఒక్కొక్కరుగా లోపలికి వచ్చారు.

సింహాద్రిపురం ఆదినారాయణ అట్లా వచ్చినవాడే. రాళ్లను మోసుకుపోయే బెల్టు దగ్గర అతని పని. ఆపదొస్తే బెల్టును ఆపే తాడు తెగిపోయి ఉందనీ, సూపర్‌వైజరుకు చెబితే “నీకు పని కావాల్నా, తాడు కావాల్నా” అన్నాడనీ చెప్పాడు.

“పైకి చెప్తానప్పా. నీ పేరు రాకుండా చూస్తా.”

“వద్దక్కా. ఆ బెల్టు కాడ ఉండేది నేనొక్కణ్ణే. పేరు లేకున్నా నా మొగమే కనపడతాది. నెలాఖరుకు పర్మనెంటు చేస్తామన్నారు. అయినాక నువ్వు మైకు పెట్టి చెప్పుకో. అంతదాకా చెప్పనని చేతిలో చెయ్యెయ్యి.”

వేయకూడదని ఆమెకు తెలుసు. శిక్షణలో నేర్పిన మొదటి పాఠాల్లో అదొకటి. కానీ ఈ సీమలో మనిషి చెయ్యి చాపి ఒట్టడిగితే ఊరకే చూస్తూ కూర్చోవడం మొహాన ఉమ్మినదానితో సమానం. షాహీదాబీ చెయ్యి వేసింది. అతని అరచెయ్యి పొడితో తెల్లగా, చల్లగా ఉంది.

నెలాఖరు రాకముందే బెల్టు ఆదినారాయణను లాక్కుపోయింది. తెల్లారేసరికి కొత్త తాడు వచ్చింది. తాగి పనిలోకి వచ్చాడని కంపెనీ విచారణలో రాశారు.

ఆ తర్వాత ఆమెకు ఎదుటి కుర్చీ ఖాళీగా కనిపించడం మానేసింది. ఎవరో కూర్చుని, మాట ఎత్తుకోబోయి ఆగినట్టుండేది. తుడిచిన కాసేపటికే కుర్చీ మీద మళ్లీ తెల్లటి పొర పరుచుకునేది. ఫ్యాక్టరీ మొత్తం పొడే కదా అని సర్దిచెప్పుకునేది గానీ, తన కుర్చీ మీద ఆ పొర ఉండేది కాదు. జమ్మలమడుగులో ఇంటికి పోయి అన్నం కలుపుకుంటే కుడిచెయ్యి పెదవులకు చల్లగా తగిలేది. చెంచాతో తినడం మొదలుపెట్టింది. “ఏందమ్మీ, దొరసానివైపోయినావే!” అని కూతురు ఆఫ్రీన్ నవ్వితే తనూ నవ్వింది.

వినేవాళ్లు తమ బరువు దించుకోవడానికి ప్రొద్దుటూరులో కమాల్ బాషా ఉన్నాడు. ఇదే కొలువులో తల పండించుకుని, ఇప్పుడు ఈ పనిలో ఉన్నవాళ్లకు దారి చెప్పే పెద్దమనిషి. ఆయన దగ్గర కూడా పేర్లు ఎత్తకూడదు. షాహీదాబీ పేర్లు లేకుండానే అంతా చెప్పింది. పోయినాయన భార్య రేపు వస్తానని కబురు పెట్టింది. ఏం తెలుసునని అడుగుతుంది. ఏం చెప్పాలి?

“ఒట్టెందుకేసినావు బేటీ?”

“చెయ్యి చాపినాడు చాచా.”

“చాపుతారు. నువ్వు చెయ్యేసినాక ఆడ అంబుడ్స్ లేదు, అక్క మాత్రమే ఉండాది. అక్క ఒట్టు నిలబెట్టుకునింది. ప్రాణానికి అడ్డం పడాల్సింది ఆ అంబుడ్సు.”

“ఇప్పుడు నోరిప్పితే ఇంకెవురూ నా గదిలోకి రారు.”

“రారు.”

“ఇప్పకుంటే?”

“అది నన్నడగద్దు. ఆ ఇద్దర్లో ఎవురు ఆయమ్మ ముందర కూచుంటారో చూసుకో,” అని ఆయన టీ కప్పు ఆమె వైపు జరిపాడు.

మరునాడు ఆదినారాయణ భార్య కృష్ణమ్మ వచ్చింది. కూర్చోమనకుండానే పోయి ఎదుటి కుర్చీలో కూర్చుంది. “జరుగమ్మా” అనబోయి షాహీదాబీ నాలిక కరుచుకుంది.

“మా ఆయప్ప తాగినాడంటాండారక్కా. నీకేమన్నా తెలుసునా?”



“తాగినాడో లేదో నాకు తెల్దు. తాడు తెగిందని మాత్రం నాకు చెప్పినాడు. ఎవురికీ చెప్పద్దని ఒట్టేయించుకున్నాడు. నేను పైకి చెప్పాల్సింది. చెప్పలేదు.”

కృష్ణమ్మ ఏడవలేదు. “ఆపొద్దే నాతో అన్యాడు, వినే అక్క ఒట్టేసిందని. నాకు తెలుసు. నువ్వు చెప్తావో లేదోనని చూసేదానికొచ్చినా.” కొంగు నడుముకు చెక్కుకుంది. “ఇదే మాట కడపలో ఆఫీసర్ల ముందర చెప్తావా?”

“చెప్తా.”

చెప్పింది. విచారణ రిపోర్టులో తాగుడు మాట పోయింది, తాడు మాట చేరింది. కంపెనీ ఆమెను తీసెయ్యలేదు. ఎవరూ వచ్చి చెప్పుకోని గది వాళ్లకు బాగానే ఉన్నట్టుంది. మనుషులు ఆ వరండాలో చెప్పుల చప్పుడు కాకుండా నడిచిపోతారు. ఆదినారాయణతో పనిచేసినవాళ్లు కూడా అంతే.

సాయంత్రాలు ఆమె ప్రొద్దుటూరుకు ఫోను చేస్తుంది.

“ఈపొద్దు గూడా ఎవురూ రాలేదు చాచా.”

“ఊ,” అంటాడు కమాల్ బాషా.

ఇంకేం మాట్లాడరు. ఫోను మాత్రం వెంటనే పెట్టరు. ఇద్దరూ అట్లే వింటూ ఉంటారు.