రైళ్ళు లేని దేశంలో రైలు పాసు

కువైట్‌లో రైలు లేదు. పట్టాలు లేవు, స్టేషన్ లేదు, కిటికీ దగ్గరికొచ్చి టీ అమ్మేవాడూ లేడు. రైలు వస్తుంది, వస్తుంది అని నేనిక్కడికి వచ్చిన కొత్తల్లో విన్నాను, ఇప్పటికీ వింటూనే ఉన్నాను. అలాంటి చోట కూర్చుని మేం ముగ్గురం ఆడవాళ్ళం యూరప్ అంతా రైల్లో తిరగాలనుకున్నాం. వీసాలు లేవు, సెలవులు ఇంకా అడగలేదు, కానీ ఏ ఊళ్ళో ఏ ప్లాట్‌ఫారం మీద దిగాలో నేను అప్పుడే రాసేశాను. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అని మా అమ్మ నన్ను చూసి ఊరికే అనేది కాదు.

నేను అహ్మదిలో ఒక కాంట్రాక్టు కంపెనీలో బస్సుల పని చూస్తాను. ఏ బస్సు ఏ గేటు దగ్గర ఎన్నింటికి ఆగాలి, షుఐబా ఫ్యాక్టరీల షిఫ్టు వాళ్ళని ఎవరు దింపాలి, ఇదీ నా ఉద్యోగం. ఏళ్ళ తరబడి అదే పని చేసి చేసి, ఎవరైనా ఐదు నిమిషాలు ఆలస్యంగా వస్తే వాళ్ళ పెంపకం మీదే అనుమానం వచ్చే దశకు చేరుకున్నాను. మాది అమలాపురం దగ్గర. మిగతా ఇద్దరిలో ఒకమ్మాయిది పిఠాపురం, షర్క్‌లో ఒక పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో కూర్చుంటుంది. ఇంకొకామె రాయచోటి వైపు నుంచి వచ్చి ఒక కువైటీ కుటుంబంలో పనిచేస్తోంది, పిల్లల్ని చూసుకుంటుంది. ఆరేళ్ళ క్రితం ముగ్గురం ఇఖామా కోసం, అంటే ఇక్కడ ఉండనిచ్చే కాగితం కోసం, వేలిముద్రలిచ్చే వరసలో కలిశాం. ఆ రోజు మిషను ఆగిపోయి నాలుగు గంటలు నించున్నాం. రాయచోటి చెల్లి సంచిలోంచి చపాతీలు, నిమ్మకాయ ఊరగాయ తీసి ముందు మాకు పెట్టి తర్వాత తను తింది. అప్పటినుంచీ శుక్రవారం ఆమెకి సెలవు దొరికినప్పుడల్లా ముగ్గురికీ నా ఫ్లాట్‌లోనే భోజనం.

రైలు పాసు సంగతి కనిపెట్టింది పిఠాపురం పిల్ల. ఆ పాసు ఒక్కటి కొంటే చాలట, బోలెడు దేశాల్లో తిరగొచ్చట. నెలలో మనకి నచ్చిన ఏడు రోజులు ఎంచుకోవచ్చు, ఎంచుకున్న రోజున ఎన్ని బళ్ళయినా ఎక్కి దిగొచ్చు. నా చెవికి ఎక్కింది ఆ 'ఎన్ని బళ్ళయినా' అన్న ముక్క ఒక్కటే. వారం తిరక్కుండా పెద్ద చార్టు తయారుచేసి నేల మీద పరిచాను. ఏడు రోజులు, ఏడు దేశాలు. ఒక దేశంలోనైతే మొత్తం మూడు గంటలే ఉంటాం, అందులో ఒక గంట స్టేషన్లోనే.

"అక్కా, ఇది యాత్రా, అంబులెన్సా?" అంది పిఠాపురం పిల్ల.

"పాసు కొన్నాక వాడుకోకపోతే ఎలాగే?"

"మనుషులం అక్కా మేము. షిఫ్టు బస్సులం కాదు."

నేను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. చార్టులో ఒక్క గడి కూడా మార్చలేదు. రాయచోటి చెల్లి మాత్రం మోకాళ్ళ మీద కూర్చుని రంగు రంగుల గీతల వంక కాసేపు చూసి, "బాగుండాది అక్కా. మీరు యాడికంటే ఆడికే," అంది.

విచిత్రమేంటంటే మా ముగ్గురిలో యూరప్ చూసింది ఆమె ఒక్కతే. ఇంటి యజమానురాలిని ఇక్కడి పనివాళ్ళు 'మామా' అంటారు. వాళ్ళ మామా ఎండలు ముదరగానే కుటుంబంతో జెనీవాకో వియన్నాకో వెళ్తుంది, పిల్లల కోసం ఈమెనూ తీసుకెళ్తుంది. అలా నాలుగు వేసవులు వెళ్ళొచ్చింది. మా ఇద్దరి పాస్‌పోర్టులూ తెల్లగా ఉంటే ఆమెదాంట్లో ఆ దేశాల వీసాలు నాలుగున్నాయి. అక్కడేం చూశావని ఒకసారి అడిగితే, "పార్కులక్కా. ఉయ్యాలలు బాగుంటాయి," అంది. నేను నవ్వేసి ఊరుకున్నాను.

ఇక బండి మారడమంటే నాకు బెంగ. చార్టులో ఒకచోట అందుకు తొమ్మిది నిమిషాలే ఉంది. అందుకని ఫిబ్రవరిలో ఒక శుక్రవారం రిహార్సల్ పెట్టాను. రైళ్ళు లేవు కాబట్టి సిటీ బస్సులతోనే. చక్రాల పెట్టెల్లో బట్టలు కుక్కుకుని ఫహాహీల్‌లో ఎక్కి, సిటీలో పెద్ద బస్టాండు దగ్గర దిగి, తొమ్మిది నిమిషాల్లో అవతలి వైపు ఇంకో బస్సు అందుకోవాలి. ఫోన్లో టైము చూస్తూ "యల్లా, యల్లా! పదండి!" అని నేను అరుస్తుంటే, పాపం టాక్సీ వాళ్ళు మాకు విమానం తప్పిపోతోందనుకుని ఎయిర్‌పోర్టుకి రమ్మని వెంటపడ్డారు. పిఠాపురం పిల్ల పెట్టె చక్రం ఊడింది. రాయచోటి చెల్లి ఒక చేత్తో తన పెట్టె, ఇంకో చేత్తో నాది లాక్కుంటూ మా ఇద్దరికంటే ముందు పరిగెత్తి, బస్సెక్కి, మా ఇద్దరికీ సీట్లు ఆపి తను నిలబడింది. ఏడు నిమిషాలే పట్టింది. "పాసైపోయాం!" అని నేను బస్సులో చప్పట్లు కొట్టాను. నా పెట్టె ఎవరు మోశారన్నది ఆ రోజు నాకు తట్టనే లేదు.

అసలు కష్టం ఉత్తరాల దగ్గర వచ్చింది. వీసాకి పనిచేసే చోటు నుంచి ఉత్తరం కావాలి. మా ఇద్దరికీ ఆఫీసుల్లో ఇచ్చేశారు. రాయచోటి చెల్లికి ఆమె కఫీల్, అంటే ఇక్కడ ఆమె పూచీ తీసుకున్న యజమాని, ఇవ్వాలి. ఆయన మామా భర్తే, ఆవిడ ఊఁ అంటే ఆయన సంతకం పెడతాడు. పాస్‌పోర్టు కూడా ఆవిడ బీరువాలోనే ఉంది. ఉత్తరం రాకపోతే చెల్లి రాదు. చెల్లి రాకపోతే నేనూ వెళ్ళనని మనసులో అనుకున్నాను. పైకి అంటే మెత్తబడ్డానని తెలిసిపోతుంది కదా, అందుకని "ధైర్యంగా అడుగు" అని మాత్రం అన్నాను. ఆమె పది రోజులు నోరు పెగల్చుకోలేక, పదకొండో రోజు అడిగింది. మర్నాడు ఆఫీసులో నా ఫోను మోగింది.

మామానే. ఇంగ్లీషులో మాట్లాడింది, మధ్యమధ్య అరబీ. గొంతులో దురుసు లేదు, అనుమానం ఉంది.

"ఆమెని పనికి తీసుకెళ్తున్నారా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఆమె మా స్నేహితురాలు మేడం," అన్నాను గట్టిగా.

"నేనూ ఆమె మా ఇంటి మనిషే అని అందరితో చెప్తాను. అయినా మాతో వచ్చినప్పుడల్లా పనే చేసింది. మీతో వచ్చి ఏం చేస్తుంది?"

గట్టి సమాధానం చెబుదామని ఆఫీసుకి కూడా తెచ్చి ఎదురుగా గోడకి అంటించుకున్న చార్టు వైపు చూశాను. చివరి వరసలో ఎవరి పని ఏంటో రాసిపెట్టుకున్నాను. నాకు టికెట్లు, టైములు. పిఠాపురం పిల్లకి హోటళ్ళు, ఫోటోలు. రాయచోటి చెల్లికి నా చేత్తోనే, గుండ్రటి అక్షరాల్లో, వంట, సామాన్లు.

అబద్ధం ఆడదామనుకున్నాను, నోరు రాలేదు. "వంట అని రాశాను మేడం," అన్నాను. సిగ్గుతో చచ్చిపోయాను. ఇన్నాళ్ళూ ఆ మామా మీద దాచుకున్న కోపమంతా తిరిగి నా మీదికే వచ్చింది. ఆవిడ నన్నేమీ అనలేదు, అన్నా బాగుండేది. "అక్కడ ఆమెకి ఏం కావాలో కనుక్కుని చెప్పండి, అప్పుడు ఉత్తరం ఇస్తాను," అని ఫోను పెట్టేసింది. ఆరేళ్ళు ఒకే కంచంలో తిన్నంత దగ్గరి మనిషి గురించి ఆ ఒక్క ముక్క నేను చెప్పలేకపోయాను.

ఆ శుక్రవారం వంట నేనే చేశాను. ఆమె గిన్నెలు అందుకోబోతే "కూర్చో!" అని కసిరాను. నాకు ప్రేమ వచ్చినా కసురే వస్తుంది. పప్పులో ఉప్పెక్కువైనా ఎవరూ కిక్కురుమనలేదు. తినడం అయ్యాక అడిగాను.

"యూరప్‌లో నీకేం కావాలే?"

"మీరు యాడికంటే..."

"ఆ మాట ఇంకోసారి అన్నావంటే చూడు. నీకేం కావాలో చెప్పు!"

"అలా పోలీసులా అడిగితే ఎవరు చెప్తారక్కా," అని పిఠాపురం పిల్ల ఆమె చెయ్యి పట్టుకుంది. రాయచోటి చెల్లి పళ్ళెం అంచు వేలితో రుద్దింది.

"నవ్వగూడదు మల్ల," అంది.

"నవ్వం."

"రైల్లో నిద్రపోవల్లక్కా."

మేం నవ్వలేదు.

"వాళ్ళతో పోయినప్పుడు రైలెక్కినాం. శానా బాగుంటాది, మెత్తగా పోతాది. మామా పండుకుంటాది, సారు పండుకుంటాడు, పిల్లోల్లు నా ఒళ్ళో పండుకుంటారు. నేను మేల్కోని ఉండల్ల గదా. బ్యాగులు చూసుకోవల్ల, దిగే ఊరొస్తే అందర్నీ లేపల్ల. కండ్లు మూతలు పడతాంటాయి. ఎవురన్నా ఒక్కసారి, నువ్వు పండుకో, ఊరొస్తే నేను లేపుతా అంటే బాగుండు అనుకుంటి." తప్పేదో మాట్లాడినట్టు గబగబా, "అంతేక్కా, ఇంకేమొద్దు," అంది.

నాకు ఏడుపొచ్చింది. నేను ఏడిపించే మనిషినే గాని ఏడ్చే మనిషిని కాను. లేచి వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పుకుని నించున్నాను.

మర్నాడు మామాకి ఫోన్ చేసి ఆ మాటే చెప్పాను. "నేనెప్పుడూ చూడలేదు," అందావిడ. "నేను నిద్రపోతుంటాను కదా." మూడో రోజున ఉత్తరం, పాస్‌పోర్టు కవర్లో పెట్టి చెల్లి చేతికిచ్చి, పాస్‌పోర్టు ఇక నీ దగ్గరే ఉంచుకో అందట.

చార్టు చింపేశాను. ఏడు దేశాలు మూడయ్యాయి, ఏడు రోజుల పాసు నాలుగు రోజులదైంది. ఎక్కడ బండి మారకుండా ఎక్కువసేపు కూర్చోవచ్చో వెతికాను. నెమ్మదిగా పోయే బళ్ళని పనిగట్టుకుని ఏరడం నా జన్మలో అదే మొదలు. ముగ్గురికీ వీసాలొచ్చాయి, ముందు ఆమెకే వచ్చింది. మే నెలలో బయల్దేరాం.

మొదటి రైల్లో ఆమె నిద్రపోలేదు. పడుకోమన్నకొద్దీ కళ్ళు పెద్దవి చేసుకుని కూర్చుంది, ఒక చెయ్యి నా పెట్టె మీద. రెండో రోజూ అంతే. "రాదులేక్కా, నాకు అలవాటు పోయినాది," అని తనే నన్ను ఓదార్చింది. నాకు ఓడిపోయినట్టు అనిపించింది.

మూడో రోజు ఆస్ట్రియాలో మధ్యాహ్నం భోజనం చేసి ఒక చిన్న ప్యాసింజరు బండి ఎక్కాం. ఆమె ఎప్పుడు పడుకుందో నేను చూడలేదు, పిఠాపురం పిల్ల మోచేత్తో పొడిచి చూపించింది. తల కిటికీకి ఆన్చి, నోరు కొద్దిగా తెరుచుకుని, చేతులు రెండూ ఒళ్ళో ఖాళీగా పెట్టుకుని పడుకుంది. సన్నగా గురక కూడా పెడుతోంది.

మేం దిగాల్సిన ఊరొచ్చింది. అక్కడ సాయంత్రం పడవ షికారు కూడా బుక్ చేసుకున్నాం. నేను అలవాటుకొద్దీ లేచి, పైనుంచి పెట్టె దింపి, ఆమె భుజం మీద చెయ్యి వెయ్యబోయాను. వెయ్యలేకపోయాను. పెట్టె మళ్ళీ పైన పెట్టేసి కూర్చున్నాను.

"అక్కా, మన ఊరు!" అంది పిఠాపురం పిల్ల గుసగుసగా.

"తెలుసు. తర్వాత వెనక్కొద్దాం. పాసు రోజంతా చెల్లుతుంది."

ఈ మాటన్నది నేనేనా అన్నట్టు చూసింది ఆ పిల్ల. తలుపులు మూసుకున్నాయి, బండి కదిలింది, పడవ షికారు పోయింది. ఇంకో నాలుగు స్టేషన్లు దాటాక ఒక మలుపులో బండి కుదిపింది. ఆమె ఉలిక్కిపడి, కళ్ళు పూర్తిగా తెరవకుండానే పెట్టె కోసం చెయ్యి చాపింది.

"ఊరొచ్చెనా అక్కా?"

"ఇంకా రాలేదు," అన్నాను. "నేను లేపుతాగా, పడుకో."

ఆమె మళ్ళీ నిద్రపోయింది.